మూడో పాదం రెండుసార్లు

కొల్లేరు చూసొచ్చావటగా, పక్షులెలా ఉన్నాయని మా వీధిలో అందరూ అడుగుతున్నారు. పక్షులు బాగానే ఉన్నాయి. నేను వెళ్లింది మాత్రం పక్షుల కోసం కాదు, ఒక గొంతు కోసం. అది దొరికింది కూడా, కాకపోతే నేను వెతికిన చోట కాదు. వచ్చి వారమైనా సంబరం ఇంకా దిగలేదు. అది దిగకముందే రాసేద్దామని కూర్చున్నాను.

మద్రాసులో పందెం

నేను పుట్టిందీ పెరిగిందీ మద్రాసు జార్జిటౌనులో. మా నాన్నకి కాగితాల దుకాణం, నాకు గ్రామఫోను ప్లేట్ల పిచ్చి. చిన్న పెట్టెలా మూసేసి పిడి పట్టుకుని మోసుకుపోయే గ్రామఫోను ఒకటి నాకుంది. ఇంట్లో దాన్ని 'ఫోను' అంటాం. కాలేజీకీ, కాఫీ హోటలుకీ, సముద్రం ఒడ్డుకీ అది నా చేతిలోనే ఉంటుంది. "దేవుడు వీడికి కుడిచెయ్యి ఇవ్వడం మర్చిపోయి ఆ పెట్టె తగిలించాడు" అంటుంది మా అమ్మ.

సినిమా పాటలు నాకక్కర్లేదు. మైకు లేని రోజుల్లో వెయ్యిమందికి వినపడేలా పద్యం పాడిన పాత నాటకాలవాళ్లు కావాలి. వాళ్లలో నా దేవుడు భద్రయ్య గారు. ఆయనవి పద్నాలుగు ప్లేట్లు సంపాదించాను. అందులో ఒకటి నా ప్రాణం. రాజ్యం పోగొట్టుకున్న రాజు ఒంటరిగా నది దగ్గరికొచ్చి పడవవాడితో అనే పద్యం అది.

కోట పోయె నాకు, కొలువు పోయెను గదా,
పడవవాడ, నీకు పైడి లేదు;
దాటజేయుమయ్య, దరిజేరుదనుక నే...

అంతే. పద్యానికి నాలుగు పాదాలుండాలి కదా? ప్లేటులో మూడే ఉన్నాయి. మూడో పాదం అవగానే వెనక నుంచి ఎవరో "భలే!" అంటారు. చెవి పెట్టెకి ఆనిస్తే గానీ వినపడదు. 'భ' బరువుగా, 'లే' ముక్కులోంచి సాగి, చివర నాలుకతో చిన్న టక్కు. వెంటనే ఆ మూడో పాదమే మళ్లీ అందుకుంటాడు పాడేవాడు, ఇంకా పైకి, ఇంకా లోపలికి. అది పూర్తయ్యేసరికి ప్లేటు అయిపోతుంది. నాలుగో పాదం లేదు. ఆ నాటకం అచ్చు కాలేదు కాబట్టి రాజు పడవవాడికి ఏమిస్తానన్నాడో మద్రాసులో ఎవరికీ తెలియదు. ఆరేళ్లుగా ఆ 'నే...' దగ్గరే వేలాడుతున్నాను నేను.

ఒకరోజు మా జగ్గు ఆ ప్లేటు విన్నాడు. వాడు నా స్నేహితుడు, నా అంత పిచ్చివాడు. విని, "రెండో వైపు పాడింది భద్రయ్య గారేరా. ఈ వైపు మాత్రం ఆయన కాదు" అన్నాడు.

"లేబులు మీద పేరు చదవడం రాదా నీకు?" అన్నాను.

"చదవడం వచ్చు. వినడం కూడా వచ్చు."

నాకు ఒళ్లు మండిపోయింది. ప్లేటు పట్టుకుని లాగాను. వాడు వదల్లేదు. నేనూ వదల్లేదు. అది రెండు ముక్కలై చెరొకరి చేతిలో సగం మిగిలింది.

పందెం అక్కడే కాశాం. భద్రయ్య గారు బతికే ఉన్నారు, తాడేపల్లిగూడెంలో కూతురి దగ్గరున్నారని విన్నాం. ఈ వైపు పాడింది తనేనని ఆయన చేత కాగితం మీద రాయించుకొస్తే జగ్గు ప్లేట్లన్నీ నావి. కాదంటే నా ఫోను వాడిది. ఫోను! కోపంలో నోరు జారింది. కానీ వెనక్కి తీసుకునే రకాన్ని కాదు.

ఏలూరు: తివాచీలో చుట్టిన పాట

ముందు ఏలూరులో దిగాను, ఎందుకంటే అక్కడ తివాచీల వ్యాపారి మస్తాన్ గారి దగ్గర అదే ప్లేటు చెక్కుచెదరకుండా ఉందని మా నాన్న దగ్గరికొచ్చే బేరగాడొకడు చెప్పాడు. చేతిలో ప్లేటు లేకుండా భద్రయ్య గారి ముందు ఏ మొహంతో నిలబడను?

ఏలూరులో నాకు మొదట అర్థమైన సంగతి, ఇక్కడ ఎవరితోనూ పోట్లాడలేం. స్టేషను బయట జట్కావాడు ఎనిమిదణాలన్నాడు. నేను మద్రాసు లెవెల్లో అరిచాను, ఆరణాలకి పైస ఎక్కువివ్వనని.

"అలాగే ఇవ్వండి, ఏముందండి. మీరు మాత్రం అరవకండి. గుర్రానికి పడదండి" అన్నాడతను.

గుర్రం నిజంగానే చెవులు వెనక్కి పెట్టి నా వంక చూస్తోంది. సిగ్గేసి ఎనిమిదణాలూ ఇచ్చాను.

హోటల్లో పెసరట్టు మూడణాలు. కొత్త పైసలొచ్చిన ఏడాది కదా, అది పద్దెనిమిదా పందొమ్మిదా అని పక్క బల్ల దగ్గర ఇద్దరు ప్లీడర్లు మర్యాదగా వాదించుకుంటున్నారు. నేను అలవాటుకొద్దీ సాంబారు తెమ్మన్నాను. వడ్డించే ఆయన నన్ను జాలిగా చూసి, "పెసరట్టులోకాండీ? మీ ఇంట్లోవాళ్లెవరూ చెప్పలేదాండీ?" అని అల్లం పచ్చడి రెండు గరిటెలు వేశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, ముక్కు తెరుచుకుంది. మద్రాసు పెసరట్టుని నేనిక క్షమించను.

మస్తాన్ గారి ఇంట్లోనే మగ్గాలు. అక్కడి పని పద్ధతి చూస్తే నా మతిపోయింది. ఒక పెద్దాయన నమూనా కాగితం ముందు పెట్టుకుని "రెండు ఎరుపూ, ఒకటి పచ్చా, నాలుగు నీలం" అని రాగం తీసి చదువుతుంటే, నేత మనుషులు "వేశాం" అని వంత పాడుతూ ముళ్లు వేస్తున్నారు. అంటే తివాచీ అంతా ఒక పాట! ఈ ఇంట్లో ప్లేట్లుండటంలో వింతేముంది?

మస్తాన్ గారు ప్లేటు చూపించారు. ముట్టుకోనివ్వలేదు.

"అమ్మనండి, బాబూ. మా నాన్నగారు కొన్నది."

"ఇరవై రూపాయలిస్తాను."

"ఇరవై మీ దగ్గరే ఉంచుకోండి. ఇంకేముంది మీ సంచిలో?"

నా దగ్గరొక ప్లేటుంది. హార్బరులో ఓ ఓడ వంటవాడి దగ్గర కొన్నాను. జమైకా అనే దీవిలో నల్లవాళ్లు పాడింది. తీగల వాద్యం ఒకటి గలగలమంటూ, వెనక పెట్టె మీద కొట్టినట్టు దెబ్బ పడుతుంది, సరిగ్గా పడాల్సిన చోట కాకుండా ఒక అర క్షణం తర్వాత. మాట ఒక్కటీ అర్థం కాదు, కాళ్లు మాత్రం ఊరుకోవు. మద్రాసులో అలాంటివి వెతికే మా గుంపు మొత్తానికి ఉన్నదదొక్కటే. ఎందుకు తెచ్చానంటే, దాన్ని ఇంట్లో వదిలిరావడానికి మనసొప్పలేదు, అంతే.

ఫోను తెరిచి దాన్ని పెట్టాను. రెండో దెబ్బకే మగ్గాల దగ్గర పని ఆగింది. పెద్దాయన రంగులు చదవడం మానేశాడు. లోపల తెర వెనక నుంచి మస్తాన్ గారి తల్లి కేక వేసింది. "ఒరే మస్తానూ, ఆ పిల్లాణ్ణి ఇంకోసారి వెయ్యమను!"

మూడుసార్లు వేశాను. నాలుగోసారికి నేత మనుషులు ఆ దెబ్బకే ముళ్లు వేస్తున్నారు. మస్తాన్ గారు నవ్వుతూ తల పట్టుకున్నారు. "ఈ తివాచీ కొన్నవాడికి కాళ్లు నిలవవండి" అన్నారు.

ప్లేటుకి ప్లేటు మారింది. నా జమైకా పోయింది, నా భద్రయ్య వచ్చాడు. మస్తాన్ గారు దాన్ని మందపాటి తివాచీ ముక్కలో చుట్టి తాడు కట్టి, "బండెక్కి తొక్కినా పగలదండి. మీ కోపానికి మాత్రం నాది పూచీ కాదు" అన్నారు. జట్కా గొడవ అప్పుడే ఇక్కడిదాకా వచ్చేసింది!

తాడేపల్లిగూడెం: నిన్నటి పులుసు

మర్నాడు గూడెం. ఊరంతా బెల్లం వాసన, వడ్ల మిల్లుల ఊక. భద్రయ్య గారి ఇల్లు మిల్లు పక్క సందులో. పంచె, భుజాన కండువా, తెల్లటి గిరజాలు. అరుగు మీద కూర్చుని వక్క నోట్లో వేసుకుంటున్నారు.  వంగి దణ్ణం పెట్టాను.

"ఎవరోయ్ అబ్బాయ్? మిల్లు తాలూకా?"

"మద్రాసు నుంచండీ. మీ ప్లేట్లు పద్నాలుగున్నాయండీ నా దగ్గర."

"పద్నాలుగా! నా దగ్గర ఒక్కటీ లేదే" అని పెద్దగా నవ్వారు. "సుభద్రా, ఇంకో విస్తరి వెయ్యి. మద్రాసు నుంచి ఓ వెర్రివాడొచ్చాడు."

భోజనం అయ్యాక ప్లేటు వేద్దాం, కాగితం రాయించుకుందాం అనుకున్నాను. పద్నాలుగు ప్లేట్లూ ఎక్కడెక్కడ కొన్నానో చెబుతుంటే ఆయన చిన్నపిల్లాడిలా వింటున్నారు. ఆయన కూతురు సుభద్రమ్మ గారు కొరమీను పులుసు వడ్డించింది. మామిడికాయ వేసి నిన్న వండింది. మద్రాసులో నిన్నటి కూరంటే పారేస్తాం. ఇక్కడ చేపల పులుసు ఒక రాత్రి నానితేనే విస్తట్లోకి వస్తుందట. "ఇవాళ పొద్దున వండినది మీకు రేపు పెడతాను తమ్ముడూ, ఉండండి" అందావిడ.

భద్రయ్య గారు ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నారు. కళ్లు మూసుకున్నారు.

"భలే!"

'భ' బరువుగా. 'లే' ముక్కులోంచి సాగి. చివర టక్కు.

నా చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది. ఆరేళ్లు చెవి పెట్టి విన్న 'భలే' అది. వెయ్యిసార్లు విన్నాను. పొరపాటు లేదు. ప్లేటులో వెనక నుంచి భలే అన్న మనిషి భద్రయ్య గారు! మరి ఆయన వెనక నుంచి భలే అంటుంటే ముందు పాడుతున్నదెవరు?

ఎంగిలి చేత్తోనే లేచాను. "ఆ పద్యం మీరు పాడలేదు!" అని అరిచాను. "పడవ పద్యం. మీరు పక్కనుండి భలే అన్నారు. పాడలేదు!"

సుభద్రమ్మ గారు గరిటె కింద పెట్టింది. ఆయన నమలడం ఆపారు. పాతికేళ్ల నాటి మాట, ఆయనేం కాదనలేదు. మంచినీళ్లు తాగి చెప్పారు.

"మద్రాసులో మొదటిసారి ఐసు చూశానోయ్. షర్బత్తులో వేసి ఆరు గ్లాసులు తాగాను. తెల్లారేసరికి గొంతు మూగనోము పట్టింది. అక్కడ పాట గీసుకునే మైనం పళ్లెం వెచ్చబెట్టి ప్లేటు కంపెనీ దొరలు కూర్చున్నారు. ఎర్రదీపం వెలిగితే పాడాలి, మళ్లీ వెలిగితే ఆపాలి. మా నాటక సమాజంలో తెర లాగేవాడు ముత్యాలని, కొల్లేటివాడు. రోజూ తెర తాడు పట్టుకుని అన్ని పద్యాలూ విన్నాడు. వాణ్ణి నిలబెట్టాం. మర్నాటికి నా గొంతొచ్చింది, రెండో వైపు నేను పాడాను. లేబులు మీద మాత్రం ఒక్క పేరే వేశారు."

"నాలుగో పాదం ఏమైంది?"

ఆయన మొహం ఎర్రబడింది. "ఆ తప్పు నాది. మా నాటకాల్లో భలే అని జనం అంటే ఆ పాదం మళ్లీ పాడాలి. పాడకపోతే అవమానించినట్టు. అది గదీ, మైనమూ అని మర్చిపోయి, ఉన్న కాస్త గొంతుతోనే నేను భలే అనేశాను. వాడు పాపం మళ్లీ అందుకున్నాడు. దీపం వెలిగిపోయింది."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నా నోరు ఆ రెంటిలో ఏదీ చెయ్యకుండా "ఇది మోసమండీ!" అంది.

"నువ్వెవరయ్యా అనడానికి?" అంది సుభద్రమ్మ గారు. "ఆ ప్లేటొచ్చాక మా నాన్న ఏ ఊరెళ్లినా 'ప్లేటులోలాగా పాడు, ప్లేటులోలాగా పాడు' అని జనం కేకలు. ఆయన పాడలేదు కదా అందులో! తెర పక్కన ఆ ముత్యాలే నిలబడి వినేవాడు. రోజూ. ఎవరికి శిక్షో నువ్వే చెప్పు!"

"ఊరుకో అమ్మా" అన్నారాయన. "ఒకరోజు పొద్దున వాడు చెప్పకుండా కొల్లేరు వెళ్లిపోయాడు. నేనూ వెళ్లి అడగలేదు."

పందెం సంగతి అప్పుడు చెప్పాను. దాచడం నాకు చేతకాదు.

"ఫోనంతా పోతుందా! ఇలా తే ఆ కాగితం" అని చెయ్యి చాపారు. "నేనే పాడానని రాసిస్తాను. పాతికేళ్లు చెప్పినవాణ్ణి, ఇంకోసారి చెప్పడానికి నాకేం?"

కాగితం నా జేబులోనే ఉంది. కలం కూడా. మద్రాసులో ఎవడు కనిపెడతాడు? జగ్గు ప్లేట్లు నూటముప్పై. ఒక్క క్షణం నా చెయ్యి జేబు మీదికి వెళ్లింది, ఒప్పుకుంటున్నాను. కానీ ఆ పెద్దాయన అప్పటికే కలం కోసం చూస్తున్న చూపు నాకు నచ్చలేదు. అలవాటైపోయిన చూపు.

"కాగితం వద్దండీ" అన్నాను. "ముత్యాలు ఎక్కడుంటాడు? నాలుగో పాదం ఏమిటి?"

"అది నా నోటి నుంచి వినకు. పద" అని ఆయన కండువా దులిపారు. "నేనూ వస్తాను."

ఉంగుటూరు దగ్గర ఆగిన బస్సు

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాం. ఉంగుటూరు దాటకముందే అది పొగలు కక్కుతూ ఆగిపోయింది. నేను కండక్టరు మీద విరుచుకుపడ్డాను. "బాగవుద్దండి. మీరు తిట్టండి, నేను నీళ్లు తెస్తాను" అని బకెట్టు పట్టుకుని కాలవలోకి దిగాడతను. చెప్పాను కదా, ఈ జిల్లాలో పోట్లాడలేం.

జనమంతా కాలవగట్టు మీద కూర్చున్నారు. ఒక రైతు నా పెట్టె వంక చూసి, "అది పాడుద్దాండీ?" అన్నాడు. పాడకుండా ఎలా ఉంటుంది? తివాచీ ముక్క విప్పి పడవ పద్యం పెట్టాను. రైతు తల పంకించాడు.

"భద్రయ్యండి ఇది. నేను చూశానండి ఆయన్ని, మా ఊళ్లో."

 భద్రయ్య గారు ఆ రైతు పక్కనే కూర్చున్నారు. "ఎలా పాడాడండీ?" అని అడిగారు, ఏమీ ఎరగనట్టు.

"బాగానే పాడాడండి. ఆయనది పెద్ద గొంతు. కానీ ఎంత చెప్పినా ప్లేటులోలాగా రాలేదండి. ఒన్సుమోరు కొట్టి కొట్టి మా చేతులు నొప్పెట్టాయి గానీ."

"రాదండి" అన్నారు భద్రయ్య గారు. "ఆయనకి ఎప్పుడూ రాలేదు."

చెబుతుంటే ఆయన మొహంలో కష్టం కనిపిస్తుందనుకున్నాను. కనిపించలేదు. కాలవ నీళ్లలో కాళ్లు పెట్టుకుని తేలిగ్గా నవ్వుతున్నారు.

కొల్లేరు

పెదపాడు దాటాక రెండెడ్లబండి, ఆ తర్వాత రోడ్డు లేదు, నీళ్లే. నేను సముద్రం పక్కన పెరిగినవాణ్ణి, నీళ్లంటే నాకు చప్పుడు. ఇక్కడ ఇంత నీరుండి ఒక్క అల లేదు. కిక్కిస గడ్డి, తామరాకులు, గూడకొంగలు సంచీ ముక్కులు వేలాడేసుకుని తాసీల్దార్లలా కూర్చున్నాయి. దూరంగా లంక, దాని మీద గడ్డి ఇళ్లు.

ఒడ్డున ఒకావిడ చేపల గంపలు సర్దుతోంది. ముత్యాలు ఇల్లెక్కడని అడిగాను.

"మీకేటి పని ఆయనతో?" అంది. "నేను ఆయన ఇంటిదాన్నే. అదిగో, దోనె మీద వత్తన్నాడు."

తాటిమాను తొలిచిన దోనెలో, గడ వేసుకుంటూ ఒక మనిషి. నలభై అయిదేళ్లుంటాయేమో, ఎండకి నల్లబడిన ఒళ్లు, తలగుడ్డ. దోనెలో చేపలు పట్టే వెదురు మావులు, వాటిలో చేపలు టపటపమంటున్నాయి. దగ్గరికొచ్చి తలెత్తి చూశాడు. గడ చేతిలోంచి జారింది.

"గురువుగారండీ!"

మోకాలి లోతు నీళ్లలోకి దూకి వచ్చి భద్రయ్య గారి కాళ్లు పట్టుకున్నాడు. కాళ్లకి బురద తగులుతుందని తలగుడ్డతో తుడుస్తున్నాడు. నేను మండిపోయాను. నా గొంతు అనుకున్న గొంతు ఇలా వంగిపోవడమేమిటి?

"మీ పేరు లేకుండా ప్లేటు వేశారండీ! పాతికేళ్లు! మీకు కోపం రాదా?"

అతను నన్ను వింతగా చూశాడు. "కోపమొత్తే గొంతు పోద్దండి, బాబుగారూ."

"మరి ఎందుకు వెళ్లిపోయారు?"

"జనం ప్లేటు, ప్లేటు అంటుంటే గురువుగారు పాడతా పాడతా తెర వైపు చూసేవోరండి. నేనక్కడ ఉంటే ఆయనకి కష్టమని వచ్చేశానండి."

 భద్రయ్య గారు దోనె ఎక్కించమన్నట్టు అతని వైపు చెయ్యి చాపారు.

దోనెలో కూర్చోవడం అంత తేలిక కాదు. నేను మద్రాసువాడి పొగరుతో లేచి నిలబడ్డాను, దోనె ఒరిగింది, నా సంచి నీళ్లలో పడింది. ప్లేటు! ముత్యాలు గడతో ఎగరేసి పట్టుకున్నాడు. తివాచీ ముక్క నీళ్లు కారుతోంది. విప్పి చూస్తే లోపల ప్లేటు నిక్షేపంగా ఉంది. మస్తాన్ గారి చేతికి దణ్ణం పెట్టాను.

లంక మీద గంప బోర్లించి దాని మీద ఫోను పెట్టాను. ఊరంతా చుట్టూ చేరింది. ముత్యాలు తన ప్లేటు ఒకే ఒక్కసారి విన్నాడట, ఏలూరులో సోడా కొట్టు ముందు, అదీ సగం. అంతలో పడవ వేళైందట.

కొత్త ముల్లు వేసి తిప్పాను.

కోట పోయె నాకు...

ముత్యాలు తల పక్కకి వాల్చి విన్నాడు. అతని ఇల్లాలు నోటి మీద చెయ్యేసుకుంది. "ఇది నీ గొంతేనా? ఇంట్లో ఒక్కనాడు ఇంత మెత్తగా మాట్లాడావా నువ్వు?"

"ఉండవే" అన్నాడతను. "చూశారా గురువుగారూ, 'పైడి' దగ్గర ఊపిరి తప్పు తీశాను."

మూడో పాదం. తర్వాత ఆ చిన్న "భలే!" నేను చెవి ఆనించమని చెప్పాను, ఒక్కొక్కరే వచ్చి విన్నారు, విని భద్రయ్య గారి వంక తిరిగారు. మళ్లీ మూడో పాదం. కిర్రుమని ఆగింది.

"ఒన్సుమోర్!" అన్నారెవరో. ఊరంతా అందుకుంది. మళ్లీ తిప్పాను. మళ్లీ అక్కడే ఆగింది. యంత్రానికి ఎన్ని ఒన్సుమోర్లు కొట్టినా అంతే కదా.

నేను ముత్యాలు ముందు నిలబడ్డాను. "అయ్యా, ఆరేళ్లుగా అడుగుతున్నాను. రాజు పడవవాడికి ఏమిస్తానన్నాడు?"

అతను భద్రయ్య గారిని చూశాడు. ఆయన తల ఊపారు. ముత్యాలు నీళ్లంచుకి వెళ్లి నిలబడ్డాడు, సరస్సు వైపు తిరిగి. ఆ గొంతు! కాస్త గీరుకుంది, కాస్త కిందికి దిగింది, కానీ అదే. ప్లేటులో డబ్బాలోంచి వచ్చినట్టుండేది. ఇక్కడ నీళ్ల మీద పరుచుకుంటూ పోయింది. మూడో పాదం దగ్గరికి రాగానే నాకు భయం వేసి పక్కకి చూశాను.

భద్రయ్య గారు కండువా ఉండ చేసి రెండు చేతులతో నోట్లో కుక్కుకుంటున్నారు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, భుజాలు ఎగురుతున్నాయి. భలే అనకుండా ఉండటానికి అంత అవస్థ! ముత్యాలు ఆ పాదాన్ని సాగదీశాడు, తిప్పాడు, వదిలాడు. ఎవరూ ఏమీ అనలేదు. అతను ముందుకు వెళ్లాడు.

పాట పాడి పడవ బాడిగిత్తు.

అయిపోయింది. పూర్తిగా అయిపోయింది! రాజు దగ్గర ఇంకేముంది ఇవ్వడానికి? నేను గెంతానట, నాకు తెలియదు. భద్రయ్య గారు కండువా తీసి, పాతికేళ్లు దాచుకున్నదంతా కలిపి, "భలే!" అన్నారు. గూడకొంగలు లేచిపోయాయి.

తిరిగి ఒడ్డుకి చేర్చాక పడవ బాడిగ ఎంతని అడిగాను. ముత్యాలు వద్దన్నాడు. అతని ఇల్లాలు ఊరుకోలేదు. "రాజుగారు పాట పాడి ఇచ్చుకుంటాడు. పాడింది మా ఆయనాయె. మీరు అర్ధరూపాయి ఇచ్చుకోండి" అంది. సంతోషంగా ఇచ్చాను.

బండెక్కేముందు ముత్యాలుని ఒక్కటి అడిగాను. "ఈ లేబులు మీద ఆయన పేరు కొట్టేసి మీ పేరు రాస్తాను. సరేనా?"

"కొట్టెయ్యకండి బాబూ" అన్నాడు ముత్యాలు కంగారుగా. "అందులో గురువుగారు కూడా ఉన్నారు కదండీ."

మద్రాసు రాగానే ఫోను తీసుకెళ్లి జగ్గు ఇంట్లో పెట్టాను. చేతికి ఇంకా అలవాటు తప్పలేదు, కాఫీ హోటల్లో బల్ల కింద పిడి కోసం తడుముకుంటోంది. రోజూ సాయంత్రం వాడింటికి వెళ్లి నా ఫోనులో నా ప్లేటు వినొస్తున్నాను. వాడు ఒక్కసారి కూడా "చెప్పానా?" అనలేదు. అందుకు వాడి మీద కోపంగానే ఉంది.

మొదటి వైపు లేబులు కింద చిన్న కాగితం అంటించాను. మా నాన్న దుకాణంలో ఉన్నవాటిలో మంచి కాగితం. దాని మీద నా చేత్తో రాశాను.

పాడినది ముత్యాలు. భలే అన్నది భద్రయ్య.